చిన్నాయన మళ్ళీ కెప్టెన్ అయిన సాయంత్రం

మొన్న ప్రొద్దుటూరులో మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే, టీవీ ముందు కూర్చున్న మా మనవరాలు ఒక్కసారిగా కేక వేసి చప్పట్లు కొట్టింది. ఏమిటా అని చూస్తే అదేదో విదేశీ సీరియల్, అందులో ఆకాశంలో పోయే ఓడ, ఆ ఓడలోకి తల నెరిసిన ముసలాయన ఒకడు అడుగు పెడుతున్నాడు. వాళ్ళమ్మ పుట్టకముందు వచ్చిన మొదటి సీరియల్లో ఆయనే కెప్టెనట, ఇప్పుడు కుర్రవాళ్ళను పెట్టి తీస్తున్న కొత్త దాంట్లోకి మళ్ళీ అదే వేషంలో వచ్చాడట. ప్రపంచంలో ఇంకెక్కడా జరగని వింతలాగా ఆ పిల్ల నాకు చెప్పుకొచ్చింది. ఇందులో ఏముంది, మా ఊళ్ళో మేమెప్పుడో చేశాం ఈ పని అన్నాను. పడీపడీ నవ్వింది. నా ఈడు వాళ్ళయితే నవ్వరన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను.

మాది కొండాపురం దగ్గర, పెన్న పక్కన ఉండిన ఊరు. నాటకమంటే చెవి కోసుకునే జనం. జమ్మలమడుగులో సైన్సు పంతులుగా పనిచేసే మా మేనమామ, మనిషి చంద్రుడి మీద నడిచొచ్చినాక కూడా ఇంకా రాజులూ రాక్షసులేనా అని విసుక్కుని, ఆకాశనౌక నాటకమని ఒకటి రాశాడు. భూమి ఎండిపోతే ఊరి జనాన్నంతా ఓడలో ఎక్కించుకుని వేరే నక్షత్రానికి తీసుకుపోయే కెప్టెన్ కథ అది. పద్యాలు లేని నాటకానికి తాను పెట్టె ముట్టనని హార్మోనియం మేష్టరు భీష్మించుకుంటే, పాపం మామ ఓడ పైకి లేచే ఘట్టానికి ఒక పద్యం రాయక తప్పింది కాదు. ప్రొద్దుటూరులో వేషాలూ తెరలూ బాడుగకిచ్చే అంగట్లో ఆకాశం తెర లేదంటే కైలాసం తెర తెచ్చి, దాని మీది ఎద్దు బొమ్మకు నల్లగుడ్డ కప్పాం. కెప్టెన్ వేషం మా చిన్నాయనది, అంటే మా నాయన తమ్ముడిది. రాజుగారి మఖమలు కోటు, నెత్తిన కిరీటానికి బదులు ఎవరిదో మోటారు సైకిలు టోపీ, నుదుట మాత్రం ఎప్పటిలాగే నిలువు బొట్టు. నేను మరమనిషిని. కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి ఒంటికి బిగిస్తే కూర్చోవడానికి లేదు, గోక్కోవడానికి లేదు.

చిన్నాయన ఆ పద్యం ఎత్తుకుంటే పెన్నకు అవతలి ఒడ్డున కూడా వినబడేదని మావాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు, అందులో అబద్ధం కొంచెమే. జనం ఒన్స్‌మోర్ అని ఈలలు వేస్తే లేచిన ఓడ మళ్ళీ భూమ్మీదికి దిగేది, చిన్నాయన మళ్ళీ పాడేవాడు, ఓడ మళ్ళీ లేచేది. మామ తెర వెనక తల పట్టుకునేవాడు. చాపాడు నుంచి, బ్రహ్మంగారిమఠం నుంచి పిలుపులు వచ్చేవి. చిన్నాయన అసలు పేరు మెల్లగా మరుగున పడిపోయి, ఊరంతటికీ ఆయన కెప్టెన్ అయిపోయాడు.

మామ భూమి ఎండిపోతుందని రాశాడు గానీ, మా ఊరు చివరికి నీళ్ళల్లో పోయింది. గండికోట జలాశయం నిండుతుందంటే సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని, వరసగా కట్టిన కాలనీకి వచ్చాం. మామ అప్పటికే పోయాడు. చిన్నాయన ఇల్లు వదిలిన రోజు నుంచి పాట వదిలేశాడు. పళ్ళు ఊడాయి, గొంతు కమ్మింది. ఎవరన్నా పద్యం పాడమని అడిగితే, వాళ్ళ చెవుల్లో ఉన్న గొంతు అట్లే ఉండనీండి అని తప్పించుకునేవాడు. అంత మనిషి అరుగు మీద గోడకానుకుని దారినపోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడు.

కొన్నేళ్ళకు కాలనీ కుర్రవాళ్ళు ఆ నాటకానికి రెండో భాగం రాసుకున్నారు, ఓడ దిగిన తరువాతి కథ. మా నాటకాల వాళ్ళలో ఒక కట్టడి ఉండేది. ఒకరు కట్టిన వేషం వాళ్ళు బతికుండగా ఇంకొకరు కట్టాలంటే ఆకూవక్కా పట్టుకుని ఇంటికి పోయి అడగాలి, ఆయన సరేనని తీసుకుని, ఆడే రోజున తన చేత్తో కొత్తవాడి ముఖానికి మొదటి రంగు పూయాలి. ఎవరి వేషానికి వాళ్ళను పిలవడానికైతే ఆకులెందుకు, ఒక కేకేస్తే చాలు. కాలనీలో పెరిగిన ఆ పిల్లలకు ఇదేం తెలుసు? పెద్దమనిషిని పిలుస్తున్నాం కదా అని పళ్ళెంలో ఆకులూ వక్కలూ అరటిపళ్ళూ సర్దుకుని మర్యాదగా వచ్చి, కెప్టెన్ వేషం గురించి వచ్చినామన్నారు. చిన్నాయన ఒక్క మాటా అడగకుండా పళ్ళెం అందుకున్నాడు. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, ఇంగ మన కత అయిపాయ రా అబ్బీ అన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. రిహార్సళ్ళకు ఆయన రాకపోతే, పెద్ద నటులు అంతేలే అనుకున్నారట ఆ పిల్లలు.

నాటకం రోజు పొద్దు వాలుతుండగా నన్ను తోడు పెట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కొత్తవాడికి రంగు పూయడానికి బయలుదేరాడు. వేషాలు కట్టే గదిలోకి పోయి, యాడ రా మీ కెప్టెన్, రమ్మనండి, పొద్దుపోతాంది అన్నాడు. కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు కుర్చీ దుమ్ము దులిపి ముందుకు జరిపి అన్నాడు.

"నువ్వే గదప్పా కెప్టెన్! నీ కోసమే చూస్తాండాం. ఇంగెవురు కడతారు ఆ వేసం?"

చిన్నాయన ఆ కుర్చీలో కూర్చుని, పుయ్ రా అని ముఖం నా వైపు ఎత్తాడు. ఆ ముడతల్లో రంగు నిలవడానికి శానా సేపు పట్టింది, ఎందుకంటే పూసినకొద్దీ కళ్ళనీళ్ళకు కరిగిపోతూ ఉండింది. సగం ఆయనవి, సగం నావి అనుకోండి.

తెర లేచింది. రిహార్సళ్ళకు పోలేదు గనుక ఆయనకు కొత్త మాటలు రావు, పాత పద్యం ఎత్తుకుంటే మధ్యలోనే గొంతు తెగింది. అప్పుడు మనవడి వేషం కట్టిన పిల్లవాడు తన మాట తాను చెప్పాడు, తాతా మనం యాడి నుంచి వచ్చినాము అని. చిన్నాయన జనం వైపు తిరిగి, పాట లేకుండా, మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. ఏ వీధి తరువాత ఏ వీధి, ఎవరి కొట్టం పక్కన ఎవరి గడ్డివామి, ఏ బావి నీళ్ళు తీపి, ఏ మడిలో ఏ పంట. ఒకచోట ఆగితే కింద కూర్చున్న ముసలమ్మ అందుకుంది, ఆమె ఆగితే ఇంకొకరు. నక్షత్రాల నాటకం పక్కకు పోయి, నీళ్ళ కింది ఊరు ఒక్కొక్క ఇల్లుగా పైకి లేచింది. ఈలల్లేవు, చప్పట్లు కూడా లేవు, జనమంతా లేచి నిలబడ్డారు. నా జన్మలో నేను అంత గర్వపడ్డ రోజు లేదు.

చిన్నాయన ఇప్పుడు లేడు. ఆ కుర్రవాళ్ళు తలా ఒక దిక్కున ఉద్యోగాల్లో ఉన్నారు, కాలనీలో నాటకం ఆడేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు అంతకన్నా లేరు. ఈ కాలంలో పాత నటుడిని తెచ్చినా, యంత్రాలతో ముడతలు చెరిపి కుర్రవాడిగా చూపిస్తారని విన్నాను. చూపించుకోనీ. నన్ను మాత్రం ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే ఆ పేరు ఇప్పటికీ తల ఎత్తుకునే చెబుతాను. అటువంటి ఊరు లేదే అంటారు. ఉంది, ఒక సాయంత్రం మా చిన్నాయన నోట్లో మొత్తం ఉండింది, నేను విన్నాను.