బస్సు కాపురానికి బీమా

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను చెప్పిన ఏనుగును తూకం వేస్తే మేకంత తూగుతుంది. కాబట్టి ఇందులో ప్రతి కొలతలోంచీ ముప్పాతిక భాగం తీసేసి చదువుకోండి.

బర్మాలో, యాంగోన్ నగరంలోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మేం అద్దెకున్న మూడో అంతస్తు గది గోడ నిలువునా చీలింది. ఆ చీలికలోంచి పక్కింటివాళ్ల టీవీలో సీరియల్ చూసేవాళ్లం. కథ నచ్చని రోజు మా ఆవిడ గోడకు చీర అడ్డం కట్టేది. చివరికి భవనం పనికిరాదని అందరినీ ఖాళీ చేయమన్నారు. మరో గది మా తాహతుకు దొరకలేదు. ఉన్నదంతా ఊడ్చి ఒక పాత జపాను బస్సు కొన్నాను. పక్కన జపాను అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఏదో పిల్లల బడి పేరని ఒకరు చదివారు, శవాల బండి అని ఇంకొకరు చదివారు. సీట్లు పీకించి బల్ల మంచం, మా ఆవిడ కుట్టు మిషను, నా పుస్తకాల పెట్టె అందులో సర్దాం. అదే నగరంలో అహ్లోన్ పేటలో రేవు పక్కన, మూతబడిన బియ్యం మిల్లు ఆవరణలో నిలిపాం. మా ముత్తాత బస్తాలు మోసిన మిల్లు అది. నాలుగు తరాల్లో మా వంశం మిల్లు లోపలి నుంచి మిల్లు వాకిలి దాకా ఎదిగింది.

మాతోపాటు బస్సులోకి ఒక దీపం కూడా వచ్చింది. మా అత్తగారు వెలిగించిన దీపం. వత్తి మారినా మంట మారకూడదని వాళ్లింటి పట్టు. కొత్త వత్తిని పాత వత్తి నుంచే అంటించాలి. గది ఖాళీ చేసిన రోజు మా ఆవిడ సైకిల్ రిక్షాలో దీపం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నేను గాలికి అడ్డంగా చాప పట్టుకుని పక్కన పరిగెత్తాను. సగం యాంగోన్ మాకోసం ఆగిపోయింది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం రేవులో రేకుల షెడ్డు అంటుకుంది. నా చేతిలో టీ చల్లారేలోగా అది బూడిదైంది. మా ఆవిడ వెళ్లి ఆ బూడిద చూసి వచ్చి, కుట్టు మిషను మీద చెయ్యి వేసి కూర్చుంది.

"మనది కాలితే ఎక్కడికెల్తాం?"

మర్నాడే బీమా మనిషిని వెతుక్కుంటూ వెళ్లాను.

వరసకు నాకు బావమరిది అయ్యే ఒకతను బీమా ఏజెంటు. టీకొట్టు బల్ల మీద ఫారాలు పరిచాడు.

"ఏటి బావా, ఇంటికా, బండికా?"

"రెండూ అదే కదా."

"అదే గొడవ. బండికి ఫుల్ కవరేజీ ఇత్తే అందులో కాపరం సెయ్యకూడదు. ఇంటికి అగ్గి బీమా ఇత్తే ఆ ఇంటికి పునాదుండాల, వార్డు ఆఫీసు జాబితాలో నంబరుండాల. పునాదుందేటి?"

"ఆరు టైర్లున్నాయి. నాలుగిట్లో గాలుంది."

"ఇంక మిగిలింది థర్డ్ పార్టీ. మీ బస్సు ఎవుణ్ణయినా గుద్దితే ఆడి నష్టం కంపెనీ సూసుకుంటాది."

"మా బస్సు కదిలితే కదా. ఎవడైనా వచ్చి దాన్ని గుద్దుకోవాలి."

"అప్పుడు మీకు రాదు బావా." టీ ఒక గుక్క తాగి, గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. కుట్టుపని బండి అని రాద్దుం. మడుసులుండే బండి కాదు, పని సేసే బండి. అప్పుడు ఫుల్ కవరేజీ అడగొచ్చు. లోపల మాత్రం నిప్పుండకూడదు. ఇన్‌స్పెక్టరొచ్చి సూత్తాడు. అప్పతో సెప్పు."

పొయ్యిని బయట టార్పాలిన్ కిందికి మార్చాం. మంచం మీద గుడ్డల తాన్లు పరిచి, గుడ్డలు కత్తిరించే బల్లలా చేశాం. దీపం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే, అంతా మంచే జరగాలని మా ఆవిడ బస్సుకు పూజ చేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం, బంపరుకు పసుపు బొట్లు పెట్టాం, పదకొండు గుమ్మడికాయల్లో కుంకం నింపి బస్సు ముందు పగలగొట్టాం. ఇస్త్రీ లుంగీలో వచ్చిన ఆ బర్మా పెద్దమనిషి బంపరు దగ్గరే ఆగిపోయాడు. ఎర్రటి చారికలు నేల దాకా కారి ఉన్నాయి.

"ఎవరిని గుద్దారు?" అని బర్మాలో అడిగాడు.

"గుమ్మడికాయని," అన్నాను.

నమ్మలేదు. ఏదో రాసుకున్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి దీపం ముందు నిలబడ్డాడు. "లోపల మంట," అని పైకి చదువుకుంటూ అదీ రాసుకున్నాడు.

అప్పుడు లేచింది మా ఆవిడ. బర్మాలో మొదలుపెట్టి, కోపం ముదిరాక తెలుగులోకి దిగింది. "మా యమ్మ వరద నీల్లలో దీన్ని నెత్తి మీద పెట్టుకుని నడిసింది. నీ కాయితం కోసం నాను ఆర్పాలేటి? ఆర్పను. కాలితే కాలనీ. రేపొచ్చి మీ కంపెనీ ఓలు ఈ సీకట్లో పడుకుంటారా?" మిల్లు పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఇన్‌స్పెక్టరు చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయాడు.

తర్వాత మాకు అందింది థర్డ్ పార్టీ కాగితం. ఈ నగరంలో ప్రతి మనిషికీ, ప్రతి గోడకూ, ప్రతి కుక్కకూ ఇప్పుడు మా బస్సు నుంచి రక్షణ ఉంది. లేనిది మా ఇద్దరికే. మా ఆవిడ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మేకుకు తగిలించింది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. గుమ్మడికాయ ఒక్కటే. పావురాలు ఉన్నాయి కానీ, వాటికి మా గొడవ పట్టలేదు. మా ఆవిడ మాటలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా నా కల్పనే. ఆ రోజు ఇన్‌స్పెక్టరు రాసుకుంటుంటే ఆవిడ నాకేసి తిరిగి, "కొండెక్కిత్తే కాయితం ఇత్తాడా?" అని అడిగింది.

ఇస్తాడన్నాను.

దేవుడి పటం మీది మందారం తీసి, దాంతో వత్తిని నొక్కింది. ఆయన ఫోటోలు తీసుకుని వెళ్లాడు. ఫుల్ కవరేజీ కుదరదని వారానికి జవాబు వచ్చింది. లోపల మనుషులు కాపురం ఉంటున్నట్టు కనిపిస్తోందట. ఫోటోలో దిండు పడిందట.

అగ్గిపెట్టె ఉంది కదా, మళ్లీ వెలిగించుకో అన్నాను.

"దేన్నుంచి?" అంది.

ఇప్పటికీ రోజూ కుంది తుడిచి, నూనె పోసి, వత్తి వేసి పెడుతుంది. వెలిగించదు. ఆర్పితే ఇస్తానని ఇన్‌స్పెక్టరు అనలేదు. ఏజెంటు కూడా అడగొచ్చన్నాడు గానీ, ఇస్తారనలేదు. ఆ మాట కూడా నేను కల్పించిందే.