ముద్ర లేని ఉత్తరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చి టీవీ దానంతట అదే మోగింది. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ ఆటల చానెల్‌ను నేను మార్చలేదు. తెర మీద ఒక అమెరికా ఆవిడ కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని మాట్లాడుతోంది. కాస్త ఒళ్లు చేసింది గానీ, ముందు పన్ను విరిగి ఉండటం చూసి గుర్తుపట్టాను. ఏడుగురేసి ఆడే రగ్బీలో తమ దేశం తరఫున ఏళ్ల తరబడి ఆడిందనీ, మొదట్లో జీతం లేక గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ సాధన చేసిందనీ చెబుతున్నారు. ఈ మాటలన్నీ అప్పట్లో ఆవిడ మాకు చెప్పినవే. నేను నమ్మనివే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నర్సింహులపేట దగ్గరి బడిలో నేను ఇంగ్లీషు టీచరును, మా ఆయన డ్రిల్లు సారు. పల్లె బడుల్లో ఆడపిల్లలకు రెండు నెలలు ఆట నేర్పుతానని ఆవిడ మహబూబాబాద్‌లో గది తీసుకుని, రోజూ బస్సులో మా ఊరికి వచ్చేది. ఆవిడ మాటలను పిల్లలకు తెలుగులో చెప్పే పని నాది. కొత్త మనిషి కనిపిస్తే ఎవరు పంపారోనని ఆరా తీసే కాలం కనుక, కొందరు ఆవిడను పోలీసుల మనిషి అన్నారు. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడైన మా మరిది, సమ్మెలో ఉండి మా ఇంటికి వచ్చినప్పుడు, "వదినా, బొగ్గు సర్వేకు గూడ గిట్లనే నవ్వుకుంట వచ్చిన్రు, ఎనుక భూములు పోయినయ్, జర పైలం" అన్నాడు. నా అనుమానం వేరు. దేశానికి ఆడే మనిషి ఎర్రబస్సులో ఎందుకు వేలాడుతుంది, తన బట్టలు తానే ఎందుకు ఉతుక్కుంటుంది, ఆటగత్తెకు గిడ్డంగిలో కూలి ఏమిటి?

సకల జనుల సమ్మెతో బడి మూతపడినా ఆట ఆగలేదు. ఊరంతా తొర్రూరు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, పక్కనున్న బీడు చెలకలో ముగ్గుతో గీతలు గీసి ఆవిడ పిల్లల్ని ఉరికించేది. అన్నం వారుస్తున్న ఒక అవ్వ, "ఓ దొరసానీ, ఆ గుడ్డును పొదుగుతవా, పట్టుకొని ఉరుకుతవా?" అని అరిస్తే రోడ్డంతా నవ్వింది. అర్థం కాకపోయినా ఆవిడా నవ్వింది.

ఆ పిల్లల్లో తండా నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. ఇద్దరు ముగ్గురు మీద పడినా భుజం తిప్పి ఎట్లా జారిపోయేదో తెలిసేది కాదు. పుణెలో పదిహేను రోజుల శిక్షణ శిబిరానికి ఆ పిల్లను తనతో పంపమని అమెరికా ఆవిడ ఆ పిల్ల తండ్రికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ రోజుల్లో తండాకు ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి మా ఇంటికే తెచ్చేవారు. తండ్రి కూతురిని వెంటబెట్టుకుని వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టాడు.

"మేడం, గిది నిజమేనా? నా బిడ్డను తోలుమంటవా?"

రెండుసార్లు చదివాను. రాతలో తప్పు లేదు. కింద సంతకం ఉంది గానీ గుండ్రటి ముద్ర లేదు. సెలవు చీటీ కూడా ముద్ర లేకుండా కదలని కొలువు నాది. "ముద్ర లేదన్నా. నా బిడ్డయితే నేను పంపను" అన్నాను.

గడప దగ్గర నిలబడి ఉన్న మా ఆయన, "నీకు మనిషి కనబడదే, ముద్రే కనబడుతది" అన్నాడు. తండ్రి మా ఇద్దరి ముఖాలూ చూసి, ఇంగ్లీషు వచ్చినదాన్ని కనుక నా మాటే తీసుకున్నాడు. కూతురు తలెత్తి ఒక్కసారి నన్ను చూసి, చెప్పులు వేసుకుని తండ్రి వెనకే నడిచింది.

ఎందుకు పంపరట అని మర్నాడు ఆవిడ నన్నే అడిగింది. ఇంట్లో ఏవో ఇబ్బందులట అన్నాను. నేను చెప్పిన మాట అని చెప్పలేదు. వారం తిరగకుండా ఆవిడ వెళ్లిపోయింది. మా ఆయన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు జనగామ బస్టాండులో ఆ అమ్మాయే నన్ను గుర్తుపట్టి పలకరించింది. పత్తి మిల్లులో పని చేస్తోందట. "ఆ అమెరికా అక్క మంచిగున్నదా మేడం? నిజంగనే దేశానికి ఆడిందా?" అని అడిగింది. తెలియదు బిడ్డా అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు, అంతే.

ఇప్పుడు తెలిసింది. చెప్పడానికి ఆ అమ్మాయి నంబరు నా దగ్గర లేదు, మా ఆయన లేడు. ఆ శిబిరానికి వెళ్లినంత మాత్రాన ఆమె గొప్ప ఆటగత్తె అయ్యేదని నేననను, మూడో రోజే తిరిగి వచ్చేదేమో. కానీ ఆ పదిహేను రోజులు ఆమెవి, తీసేసింది నేను.

ఈ రోజుల్లో ఏ కాగితం వచ్చినా పిల్లలే ఫోనులో చూసి నిజమో కాదో తేల్చుకుంటున్నారు. చదివి చెప్పమని తండా నుంచి మా ఇంటికి ఎవరూ రావడం లేదు.