డబ్బాలు జరిపే ఆట

మా ఆయన స్టేషన్ మాస్టర్. ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్‌కీ దంతెవాడకీ మధ్య, ప్యాసింజరు ఇలా ఆగి అలా కదిలిపోయే ఓ చిన్న స్టేషన్‌లో మాకు క్వార్టరు ఇచ్చారు. రెండేళ్లు ఓపిక పడితే విజయనగరం వైపు వేయించుకుంటానని మాటిచ్చి నన్ను అక్కడికి తీసుకెళ్లారు. ఆ రెండేళ్లు ఎన్నేళ్లయ్యాయో ఇక్కడ రాయను, రాస్తే నాకే ఒళ్లు మండుతుంది.

స్టేషనూ, ఆరు క్వార్టర్లూ, వెనక సాల చెట్లూ, ముందు పట్టాలూ. అంతే ఊరు. సంతలో హిందీలో అడిగితే హల్బీలో జవాబు చెప్పేవారు, ఇంటికొచ్చి తెలుగులో విసుక్కునేదాన్ని. వానాకాలం కొండచరియ జారిందంటే లైను మూసేసేవారు. బంద్ పిలుపు వస్తే ప్యాసింజరు జగదల్‌పూర్ దాటి వచ్చేది కాదు. గూడ్సులు మాత్రం ఇనుప రాయి నింపుకుని మా వాకిలి ముందు నుంచే విశాఖపట్నం వైపు పోతూ ఉండేవి. నేను పుట్టి పెరిగిన వైపు ఆ రాయి రోజూ వెళుతోంది, నేను వెళ్లలేకపోతున్నాను. రాయిని చూసి కుళ్లుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ రోజుల్లోనే డబ్బాలు జరిపే ఆట నా ఫోన్‌లోకి వచ్చింది. విజయనగరంలో ఉండే మా అక్క, ప్రయాణంలో ఊసుపోతుందని ఎక్కించి ఇచ్చింది. ఆట చాలా చిన్నది. చదరపు పలక మీద పొడుగువీ పొట్టివీ డబ్బాలు ఇరుక్కుని ఉంటాయి. నిలువుగా ఉన్నవి పైకీ కిందికీ, అడ్డంగా ఉన్నవి పక్కలకీ మాత్రమే జరుగుతాయి. మధ్యలో ఓ ఎర్ర డబ్బా. కుడి గోడకి ఓ సందు. మిగతావాటిని ఒక్కొక్కటీ తప్పించి ఎర్రదాన్ని ఆ సందులోంచి బయటికి తీయాలి. మా క్వార్టర్లో నెట్ అందేది కాదు కాబట్టి ప్రకటనల గోల లేదు. ప్రకటన చూస్తేనే సాయం చేస్తానని ఆట అంటుంది కాబట్టి సాయమూ లేదు. అందుకే నాకు అది బాగా వచ్చేసింది.

వంట అయ్యాక, పాప పడుకున్నాక, గుమ్మంలో కూర్చుని జరుపుతూ ఉండేదాన్ని. అందులో నన్ను కట్టిపడేసింది ఏమిటో చాలా రోజులకి గాని తెలియలేదు. ప్రతి లెవెల్‌కీ దారి ఉంటుంది. ఎంత ఇరుకుగా కనపడినా, ఎర్ర డబ్బా బయటపడుతుందని తయారుచేసినవాడు ముందే చూసుకుని మన చేతికిస్తాడు. దారి దొరకలేదంటే మనం సరిగా చూడలేదని అర్థం. అంత భరోసా నాకు ఆ స్టేషన్‌లో ఇంకెవరూ ఇవ్వలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి నవ్వేవారు.

“ఏటే, ఇంకా ఆ డబ్బాలే తోస్తన్నావా? లోడు బండిని పక్క లూపు లైన్లో పెట్టి, ఖాళీ బండిని వదిలి, మళ్లీ లోడుని తియ్యాల. పొద్దస్తమానం నేను సేసేది అదే కదా. నాకు యూనిఫారమైనా ఇచ్చారు, నీకేటిచ్చారు?”

“నాది బయటికి ఎల్తాది. మీరు మాత్రం అక్కడే ఉంటారు,” అనేదాన్ని.

పక్క క్వార్టర్లో ట్రాక్ మీద పనిచేసే అతని భార్య ఉండేది. తెలంగాణ సరిహద్దు తర్లగూడ పిల్ల. నాతో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇప్ప పువ్వు ఆరబెడుతూ ఓసారి నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగి చూసింది.

“ఏందక్కా గది? ఆ ఎర్రది బయటికొస్తే ఏమైతది?”

“ఇంకో లెవెల్ వస్తాది.”

“అండ్ల మల్ల ఇర్కుతదా?”

“ఇరుక్కుంటాది.”

“మంచిగనే ఉంది,” అని మళ్లీ పువ్వు పరచుకోవడంలో పడింది. నాకు ఆ రోజంతా ఆట మీద చెయ్యి పోలేదు.

పాపకి ఐదు నిండాక అసలు గొడవ మొదలైంది. అక్కడ ఉన్న బడి నాలుగు రోజులు తెరిస్తే మూడు రోజులు మూత. మా రైల్వే కుటుంబాల్లో దీనికి ఒక అలవాటు ఉంది. పిల్లల్ని కింద మైదానంలో చుట్టాలింట్లో పెట్టి చదివిస్తారు, సెలవలకి ప్యాసింజరులో ఎక్కించి తెచ్చుకుంటారు. మా అక్క తయారుగా ఉంది. జూన్ లోపల మాకు బదిలీ కాకపోతే పాప అక్కింటికి వెళ్లిపోవాలి. నేను రోజూ ఆ మాటే ఆయన చెవిలో వేసేదాన్ని. జూన్, పాప, స్కూలు. లేచిన దగ్గర్నుంచీ అవే మూడు మాటలు.

మామూలు బదిలీ మాకు రాదని తెలుసు. మిగిలింది మ్యూచువల్. అంటే అదే హోదాలో ఉన్న ఇంకొకడు మన చోటికి రావడానికి ఒప్పుకుంటే, ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టి చోట్లు మార్చుకోవడం. సముద్రం దగ్గర హాయిగా ఉన్నవాడు ఈ అడవిలోకి ఎందుకొస్తాడు? ఆఫీసు నెట్ మీద స్టేషన్ మాస్టర్ల వాట్సాప్ గ్రూపులో మా ఆయన పేరు పెట్టి ఏడాదైనా పలికినవాడు లేడు.

అప్పుడే నా ఆట నా నెత్తికెక్కింది. విజయనగరంలో ఒకాయన ఉన్నారు. బచేలి అయితే వస్తారట, మా స్టేషన్ అయితే రారట. బచేలి దంతెవాడ అవతల గనుల టౌన్‌షిప్పు కదా, ఆసుపత్రి ఉంది, మంచి స్కూలు ఉంది. ఇటు బచేలిలో ఉన్నాయన తన ఊరు దగ్గరవుతుందని మా స్టేషన్‌కి రావడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు దారి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ముందు మా ఆయన బచేలికి వెనక్కి జరగాలి. ఆ తర్వాత బచేలి నుంచి విజయనగరానికి ఒక్క తోపు. పెద్ద లెవెల్సులో అంతే, సందుకి దూరంగా ఒకసారి వెనక్కి జరిపితే గాని ఎర్ర డబ్బా బయటికి రాదు. కాగితం మీద గళ్లు గీసి మరీ ఆయనకి చూపించాను.

ఆయన కాగితం వంక ఒకసారి చూశారు. ఏదో వంక పెడతారనుకున్నాను.

“సరే. బచేలి ఎల్దాం,” అన్నారు.

అంత తొందరగా ఒప్పుకున్నారేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. నా తెలివికి నేనే పొంగిపోతూ ఉన్నాను. ఆర్డరు వచ్చింది, సామాన్లు కట్టాం. తర్లగూడ పిల్ల ఇప్ప పువ్వు పొట్లం ఒకటి చేతిలో పెట్టి, “కిందికి పోతనంటివి గదక్కా, పైకి పోతున్నవేంది?” అంది. “ఇదే దారి,” అన్నాను, ఆమెకి ఆటలు తెలియవు పాపం అనుకుంటూ.

బచేలిలో జూన్‌లో పాపకి స్కూల్లో సీటు దొరికింది. బ్యాగు తగిలించుకుని గేటులోకి వెళుతూ వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. నేను సంతోషపడాలి. నా బిడ్డ అక్కింటికి పోకుండా నా దగ్గరే ఉంది. ఇంటికొచ్చి వంటగదిలో నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే ఎర్రమట్టి కొండ గోడలా అడ్డంగా నిలబడి ఉంది. ఊపిరాడలేదు. విజయనగరం ఆయనకి ఫోన్ చెయ్యమని మా ఆయన వెంట పడ్డాను. రేపు అన్నారు, ఆదివారం అన్నారు, ఆయన సెలవులో ఉన్నారన్నారు.

స్కూలు వాళ్లు పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్ జెరాక్స్ అడిగారు. దాని కోసం ఫైలు తిరగేస్తుంటే మ్యూచువల్ కాగితాలు చేతికొచ్చాయి. కింద హిందీలో ఒక హామీ ఉంది. ఈ మార్పు నా ఇష్టంతో తీసుకుంటున్నాను, ఇంకో ఐదేళ్ల వరకు మరో మ్యూచువల్ అడగను అని. దాని కింద మా ఆయన సంతకం, వంకర లేకుండా, తీరిగ్గా పెట్టిన సంతకం.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. కంచం పెట్టి పక్కన ఆ కాగితం పెట్టాను.

“మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే బయలెల్లేదానివి కాదు.” ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. “నువ్వడిగిందేటి, పాప మన దగ్గరుండాల, జూన్‌లో బళ్లో పడాల. పడింది కదా. ఇంకేటి కావాల నీకు?”

నిజమే, ఆయన్ని నేను ఏనాడూ ఇంకేమీ అడగలేదు. పాప అడ్డం ఉండగా నా సంగతి చెప్పుకోవడం సిగ్గనిపించేది. ఒక తల్లి, నాకు ఇక్కడ ఉండాలని లేదు అంటే బాగుండదనుకున్నాను. కోపం వచ్చింది, దానికంటే ముందు ఏడుపొచ్చింది.

“పాప కోసం కాదు,” అన్నాను. “నా కోసం అడిగాను. నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు. మొదటి ఏడాది నుంచీ ఆడట్లేదు.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా మొహంలోకి చూశారు. ఆయన మొహం పాలిపోయింది, అబద్ధం ఆడేవాడి మొహం కాదది.

“ఈ ముక్క ఒక్కసారైనా సెప్పలేకపోయావా?” అన్నారు. “మన కాగితాలు పెట్టకముందు శృంగవరపుకోట నుంచి ఒకాయన ఫోన్ సేసేడు. మన పాత స్టేషనుకే వస్తానన్నాడు. ఆళ్లావిడిది జగదల్‌పూరట. ఆగస్టులో అయితే వస్తానన్నాడు. పాప స్కూలు జూన్‌లో కదా, మాకు కుదరదని నేనే అనేసేను.”

శృంగవరపుకోట నుంచి మా అక్కింటికి గంటన్నర కూడా పట్టదు.

“ఆయన ఇంకా అక్కడే ఉన్నాడేటి?” అని అడిగాను. అడిగి ప్రయోజనం లేదని చెబుతూ ఆ కాగితం మా ఇద్దరి మధ్యే ఉంది. అయినా అడిగాను.

“లేదు. కోరాపుట్‌లో ఎవరితోనో మ్యూచువల్ అయిపోయింది. మొన్ననే ఆర్డరొచ్చింది.”

అన్నేళ్లు నోటితో అడగని మాట నేను అడిగిన రోజున, కోరాపుట్‌లో ఎవరో ఆవిడ శృంగవరపుకోటకి సామాన్లు కట్టుకుంటోంది.