ఓర్వలేని సైక్లిస్టు

గురునాథరావుకు నలభై తొమ్మిదేళ్లు. గోపాలపట్నంలో ఉంటాడు. స్టీల్ ప్లాంటులో మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫిట్టరు. ఇంటి నుంచి పనిచోటుకి సుమారు ఇరవై కిలోమీటర్లు. ముప్ఫై ఏళ్లుగా ఆ దూరం సైకిల్ మీదే వెళ్తున్నాడు, సైకిల్ మీదే వస్తున్నాడు. తాగడు, అరవడు, ఒకరి జోలికి పోడు. కానీ ఎవరైనా అతని బావ తిరుమలరావును మెచ్చుకుంటే మాత్రం ముఖం మాడిపోతుంది. ఈ సంగతి భార్య పద్మావతికి కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే తెలిసిపోయింది. అప్పటినుంచి ఆ పేరు భోజనాల దగ్గర ఎత్తదు.

తిరుమలరావు గురునాథరావు అక్క అనూరాధ భర్త. ఒకప్పుడు వాలీబాల్ ఆటగాడు. ఆరడుగుల మనిషి. నెట్ దగ్గర గాల్లోకి లేచి బంతిని కొడితే అవతలివాళ్లు చేతులు అడ్డం పెట్టుకునేవారట. ఆ ఆట మీదే ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. గోపాలపట్నం బజారులో నడిచి వెళ్తుంటే ఇప్పటికీ నలుగురు ఆపి పలకరిస్తారు.

గురునాథరావు సబ్బవరం దగ్గరి పల్లెలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట పని వెతుక్కుంటూ అక్క ఇంటికి చేరాడు. పనికి వెళ్లడానికి బావే పాత సైకిల్ ఒకటి ఇచ్చాడు. దాని మీద రోజూ లారీలతో, బస్సులతో పోటీ పడి తొక్కుతూ ఉంటే, ఒకరోజు కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఒక పెద్దాయన స్కూటర్ పక్కకు తెచ్చి, రేసుల్లో పాల్గొంటావా అని అడిగాడు. ఆయన కుర్రాళ్లకు సైక్లింగ్ నేర్పే మనిషి. అలా మొదలైంది. జిల్లా అయింది, రాష్ట్రం అయింది. ఇరవై రెండో ఏట జాతీయ పోటీలకు పంజాబ్ వెళ్లాడు.

నలభై కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు. ముందు ఎవరూ ఉండరు, గాలికి అడ్డం ఎవరూ ఉండరు, గడియారంతోనే పోటీ. గురునాథరావు గంటకు రెండు నిమిషాలు తక్కువలో ముగించాడు. ఆఖరి ఐదు కిలోమీటర్లు నోట్లో రక్తం రుచి తగిలింది. దిగాక కాళ్లు నిలబడక రోడ్డు మీదే కూలబడ్డాడు. నాలుగో స్థానం వచ్చింది. ఏడు సెకన్ల తేడాతో మెడల్ పోయింది.

రెండు రాత్రులు రైల్లో కూర్చుని ఇంటికి వచ్చేసరికి అక్క ఇల్లంతా జనం. అదే వారంలో బావ జట్టు ఏదో ఆఫీసుల టోర్నమెంట్ గెలిచింది. బావ మెడలో దండ, మంచం మీద స్వీట్ల డబ్బాలు. బావ స్నేహితుడొకడు గుమ్మంలో బ్యాగుతో నిలబడ్డ గురునాథరావును చూసి అడిగాడు.

"ఏరా, ఎక్కడినుంచి దిగావ్?"

"పంజాబ్. సైకిల్ పోటీలకి ఎల్లొచ్చాను."

"సైకిల్ పోటీలేటిరా? మా పాలోడు రోజూ తొక్కతన్నాడు, ఆడ్నీ పంపిద్దామేటి?"

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. పెద్దగా కాదు, పెదవులు కదిలేంతే. నవ్వుతూనే ఒక లడ్డూ చేతిలో పెట్టాడు. గురునాథరావు ఆ లడ్డూ తిన్నాడు. నోట్లో వేసుకున్నప్పుడే లోపల ఏదో పడింది. ఆ మాటన్న మనిషి మీద కోపం ఎప్పుడో పోయింది. బావ మీద మాత్రం పోలేదు.

ఆ ఏడాదే ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే చోటొకటి చూసి దరఖాస్తు పెట్టుకున్నాడు. వాళ్లు ఒప్పుకునే ఆటల జాబితాలో సైక్లింగ్ లేదు. మరి రెండేళ్లు రేసులకు వెళ్లాడు, తర్వాత పెళ్లయింది, రేసులు ఆగిపోయాయి. తొక్కడం ఆగలేదు.

కిందటి ఆగస్టులో కాలనీ సంఘం వాళ్లు క్రీడా దినోత్సవం చేశారు. వేదిక మీద తిరుమలరావుకు శాలువా కప్పారు. గురునాథరావు కింద కుర్చీలు సర్దుతున్నాడు. మైకు పట్టుకున్నాయన అతన్ని చూపించి, "మన తిరుమలరావు గారి బావమరిది కూడా తక్కువోడు కాదండోయ్. ఈ వయసులోనూ సైకిల్ దిగడు. పెట్రోల్ కర్సు లేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు గురునాథరావు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి వచ్చాక భార్యతో అన్నాడు. "బంతి ఆడినోడు ఆటగాడు. నాను పెట్రోల్ మిగిల్చినోడిని."

"ఆలకి తెలీదు. తెలీనోలకి సెప్పుకోవాలి గానీ నాతో అనీసి ఏటి లాభం?" అంది పద్మావతి.

"నువ్వు సెప్పు. పాయింటు పాయింటుకీ ఆగి నీల్లు తాగేదొక ఆట, గంటసేపు గుండె నోట్లోకొచ్చినా కాలు ఆపకూడనిదొక ఆట. ఏది పెద్దది?"

"నాకేటి తెలుసు? నాను ఏదీ ఆడలేదు."

తర్వాత రెండు నెలలకు తిరుమలరావు మోకాళ్లు అరిగాయి, షుగర్ పెరిగింది. సీతమ్మధారలో డాక్టరు ఇక గెంతవద్దనీ, సైకిల్ తొక్కమనీ చెప్పాడు. తిరుమలరావు వారం తిరక్కుండా గేర్ల సైకిల్ కొన్నాడు. హెల్మెట్, నల్లద్దాలు, బిగుతు చొక్కా. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో అతని ఫోటో పెట్టారు. కింద రాశారు: ‘ఈ వయసులోనూ సైక్లిస్టుగా మన తిరుమలరావు గారు. అందరికీ ఆదర్శం.’ దాని కింద నలభై మంది దండాలు.

గురునాథరావు ఆ ఫోటోను ఆ రోజు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. పనిలో స్పానర్ పక్కన పెట్టి చూశాడు, అన్నం తింటూ చూశాడు. ముప్ఫై ఏళ్లు తొక్కితే రాని మాట పదిహేను రోజులకు బావకు వచ్చేసింది. ఉద్యోగం పోతే పోయింది, శాలువా పోతే పోయింది. ఇప్పుడు ‘సైక్లిస్టు’ అన్న మాట కూడా బావ పట్టుకుపోయాడు.

ఆ శనివారం సాయంత్రం తిరుమలరావే ఫోన్ చేశాడు.

"ఒరే గురూ, రేపు నన్ను కూడా తీసుకెల్లరా. ఒక్కడినీ తొక్కతంటే బోరు కొడతంది."

"సింహాచలం ఘాట్ ఎక్కుతావేటి బావా?"

"ఎక్కగలనంతావా?"

"ఆటగాడివి, నీకేటి?" అన్నాడు గురునాథరావు. ఫోన్ పెట్టేముందు, "పొద్దున్న ఏటీ తినకు. కడుపు బరువుంటే ఎక్కలేవు" అన్నాడు.

అది అబద్ధం. ఎత్తు ఎక్కే రోజు తినకుండా బయల్దేరకూడదని ఏ సైక్లిస్టునడిగినా చెబుతాడు. మరునాడు గురునాథరావు తను మాత్రం రెండు అరటిపళ్లు, గుప్పెడు ఉడికించిన వేరుశెనగలు తిని, మరో పండు చొక్కా వెనక జేబులో పెట్టుకుని బయల్దేరాడు. బావకు ఏదో అవుతుందని అనుకోలేదు. సగంలో దిగి సైకిల్ నడిపించుకుంటూ రావాలి, అంతే. అది కళ్లారా చూడాలనుకున్నాడు.

కొండ కింద టోల్ గేటు దాటగానే ఎత్తు మొదలైంది. తిరుమలరావు మొదటి మలుపు దాకా బాగానే తొక్కాడు. రెండో మలుపు దగ్గర నోరు తెరిచాడు. గురునాథరావు కావాలనే పక్కనే తొక్కుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్లాంటు సంగతులు చెప్పాడు, కూరగాయల ధరలు చెప్పాడు. ఊపిరి ఒక్కచోట కూడా తెగలేదు. బావకు జవాబివ్వడానికి గాలి లేదు. చేత్తో సరే సరే అంటున్నాడు.

"దిగిపోతావా బావా?"

తిరుమలరావు తల అడ్డంగా ఊపాడు. దిగలేదు. దిగనందుకు గురునాథరావుకు ఇంకా మండింది. ఒక గేరు బిగించి ముందుకు లాగాడు. మూడో మలుపు తిరిగాక వెనక్కి చూస్తే బావ కనిపించలేదు.

కాసేపు ఆగాడు. రాలేదు. వెనక్కి దిగి వెళ్లేసరికి తిరుమలరావు పిట్టగోడ పక్కన సైకిల్ మీద పడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏదో అంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది.

"మాత్ర ఏసుకున్నావా బావా? షుగర్ మాత్ర?"

తిరుమలరావు అవునన్నట్టు కళ్లు మూశాడు. ఖాళీ కడుపు మీద మాత్ర.

గురునాథరావు జేబులోని పండు ఒలిచి ముక్కలు ముక్కలుగా నోట్లో పెట్టాడు. కొండ దిగుతున్న జీపును ఆపి, డ్రైవరు సాయంతో బావను ఎక్కించాడు. గోపాలపట్నంలోని నర్సింగ్ హోమ్ చేరేదాకా ఆ పెద్ద తలకాయను ఒళ్లో పెట్టుకుని, "పడుకోకు బావా, నాతో మాటాడు" అంటూనే ఉన్నాడు.

గ్లూకోజ్ ఎక్కాక గంటలో తిరుమలరావు తేరుకున్నాడు. అనూరాధ పరుగున వచ్చింది.

"ఏటీ తినకుండా కొండెక్కడమేటి? బుద్ధుందా?" అని భర్తను తిట్టింది.

"నాదే తప్పు. గురుగాడు తినమనే సెప్పాడు. నానే ఇనలేదు" అన్నాడు తిరుమలరావు, పైకప్పు చూస్తూ.

గురునాథరావు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. సిగ్గుతో తల వంచుకోవాల్సిన మనిషి. వంచుకున్నాడు కూడా. కానీ ఆ సిగ్గు కింద పాత మంటే మళ్లీ లేచింది. ఈ మనిషి పడిపోయి కూడా తనకంటే పైనే ఉన్నాడు. మంచం మీద పడుకుని కూడా పెద్దమనిషి అనిపించుకుంటున్నాడు. అది భరించలేకపోయాడు. నిజం చెప్పించింది మంచితనమో, ఆ కుళ్లో, తనకే తెలియదు.

"అబద్ధమక్కా. తినొద్దని సెప్పింది నాను. నాను మాత్రం తినీసి వచ్చాను."

అనూరాధ అర్థం కానట్టు చూసింది. "ఎందుకురా?"

"ఓర్వలేక."

అనూరాధ భర్త చెప్పులు సంచీలో పెట్టింది, సంచీ మంచం కింద పెట్టింది. "ఎల్లు. నాకు కనపడకు" అంది.

రెండు నెలలు అక్క మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ గురునాథరావు పని నుంచి నేరుగా ఇంటికి రావడం, పడుకోవడం. పద్మావతికి జరిగినదంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. "పండక్కి గానీ, పబ్బానికి గానీ, ఇంక మీ అక్క ఇంటికి నాను ఏ ముకం పెట్టుకుని ఎల్లాలి?" అని ఒక్కటే అడిగింది.

తిరుమలరావు మాత్రం పదో రోజునే వచ్చాడు. ఆటో దిగి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు.

"నువ్వు సేసింది ఎదవ పని. సచ్చిపోదును" అన్నాడు.

"అవును బావా."

"ఎందుకు సేసినావో పది రోజులు ఆలోసించాను. ఆ పంజాబ్ నుంచి వచ్చిన రోజు కదా? పాలోడి మాట?"

గురునాథరావు నివ్వెరపోయాడు. బావకు గుర్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. నలుగురూ నా కోసం వచ్చినారు. ఆల ముందర ఇంకొకడిది పెద్ద ఆటని ఎందుకంతాను? అనలేదు" అన్నాడు తిరుమలరావు. మోకాలు రుద్దుకున్నాడు. "రెండో మలుపు కాడ నాకు ఊపిరి లేదు. నువ్వు వంకాయల రేటు సెప్తన్నావ్. అప్పుడు తెలిసింది. మా ఆటలో అలిసిపోతే పక్కోడు బంతి అందుకుంతాడు. నీకు పక్కోడు లేడు. నలభై కిలోమీటర్లు అలాగెలా తొక్కినావురా? నా వల్ల కాదు. ఎప్పుడూ కాదు."

గురునాథరావు ఈ మాట కోసం ఇరవై ఏడేళ్లు ఎదురుచూశాడు. వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఇప్పుడు అది ఎదురుగా వచ్చి కూర్చుంటే పుచ్చుకోవడానికి చేయి రాలేదు. ఒక మనిషిని చావుదాకా తీసుకెళ్లి అనిపించుకున్న మాట అది. పైగా ఇంత పెద్ద మాటను బావ నీళ్లు తాగినంత తేలిగ్గా అనేశాడు. తను ఎన్నడూ బావ ఆట గురించి ఒక్క మంచి మాట అనలేకపోయాడు. అందుకూ కుళ్లు పుట్టింది.

"ఆదివారం మల్లీ తీసుకెల్లు. కొండ వద్దు, సదును రోడ్డు. తినీసి వత్తాను" అని తిరుమలరావు లేచాడు.

వెళ్తున్నారు, ఇద్దరూ. ప్రతి ఆదివారం పెందుర్తి వైపు, మెల్లగా. గురునాథరావు ముందు తొక్కి గాలికి అడ్డం ఉంటాడు. అనూరాధ జనవరిలో మాట్లాడింది, ముందు పద్మావతితో, తర్వాత తమ్ముడితో.

ఫిబ్రవరిలో భీమిలి రోడ్డు మీద నలభై ఐదు దాటినవాళ్లకు ముప్ఫై కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెట్టారు. పేరు ఇచ్చింది గురునాథరావే, కానీ తోసింది బావ. దాదాపు పాతికేళ్ల తర్వాత వీపుకు రేసు నంబరు అంటించుకుని నిలబడ్డాడు. ప్రాణం పెట్టి తొక్కాడు. రెండో స్థానం వచ్చింది. మొదటివాడు యోహాన్, ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మనిషి. నలభై ఆరేళ్లు. గురునాథరావు కంటే నలభై సెకన్లు ముందు వచ్చి, అప్పటికే తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

తిరుమలరావు నీళ్ల సీసా అందించాడు. గురునాథరావు ఆయాసం తగ్గేదాకా యోహాన్ కాళ్ల వైపే చూశాడు.

"బావా, ఆడ్ని సూత్తంటే నాకు ఒల్లు మండిపోతంది."

"నన్ను సూసి మండిపోడం కన్నా నయం. ఎల్లి ఎలా తొక్కినాడో అడుగు."

వెంటనే వెళ్లలేకపోయాడు. జనం పలచబడ్డాక వెళ్లి అడిగాడు. యోహాన్ దాచుకోకుండా చెప్పాడు. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి శనివారాలు బీచ్ రోడ్డు మీద సాధన చేస్తానన్నాడు. రమ్మన్నాడు.

ఆ శనివారం పొద్దున్న ఐదుంపావుకు గురునాథరావు హార్బర్ గేటు దగ్గరికి చేరాడు. తనే ముందు వచ్చాననుకున్నాడు. యోహాన్ అప్పటికే ఋషికొండ దాకా ఒకసారి వెళ్లి వచ్చి, చెమటతో నిలబడి ఉన్నాడు. గురునాథరావుకు కడుపు మండింది. సైకిల్ దిగకుండానే, "పదండి" అన్నాడు.