గేటు దాకా నడక

వాన వెలిసిన సాయంత్రం మాదాపూర్ ఫ్లైఓవర్ కింద బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుతుంటాయి. ఆ పొగ ముక్కుకి తగిలితే చాలు, నా పక్కన ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టే ఉంటుంది. దగ్గర్లోని సర్కారు దవాఖానలో గర్భిణుల విభాగం చూసే సుగుణ మేడం ఆవిడ. గేటు బయట అలాంటిదే ఒక కంకుల బండి ఉండేది. నేను నార్సింగి పిల్లని, కొత్తగా చేరిన కౌన్సెలర్ని. గర్భిణులకి హెచ్.ఐ.వి. పరీక్ష గురించి చెప్పి ఒప్పించడం నా పని. ఒప్పించడమంటే వాదించి గెలవడమే అనుకునేదాన్ని. వాదనలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లోనే లేరు మరి.

నేను చేరేసరికి ఈ పనికోసం ఒక గది కట్టించి, తలుపు పెట్టి, బోర్డు కూడా తగిలించారు. గోప్యత కోసమట! ఆ గదిలోకి వెళ్లిన ప్రతి మనిషినీ బయట బెంచీల మీదున్న అత్తలూ ఆడబిడ్డలూ తలుపు మూసిన క్షణం నుంచీ అనుమానంగా చూసేవారు. అందరినీ లోపలికి పిలుస్తున్నారని ఎంత చెప్పినా నమ్మేవారు కాదు. దాంతో ఎవరూ గది గడప తొక్కడం లేదు. మేడం ఆ గదిని దూది కట్టలతో నింపేసింది. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని గేటు దాకా నడిచి వచ్చేది. అడిగేదీ నడుస్తూనే, ఫలితం చెప్పేదీ నడుస్తూనే. “ఎదురెదురుగా కూర్చుంటే మొహాలు చూసుకోవాలి. పక్కపక్కన నడిస్తే ఆ బాధ లేదు,” అనేది. మంచి కబురైనా చెడ్డ కబురైనా నడక మాత్రం గేటు దాకానే. అంగుళం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో స్వరూప వచ్చింది. అద్దాల ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని, తొలిచూలు. కాన్పుకి తల్లిగారింటికి పోవాలి కానీ బస్సులు లేక ఆగిపోయింది. ఆ ఊళ్లో మంత్రసాని తప్ప దిక్కు లేదు. అంటే పరీక్ష జరిగితే ఇక్కడే జరగాలి. జబ్బు ఉండి తెలియకపోతే అది బిడ్డకి కూడా అంటుకోవచ్చు. నేను నోరు తెరిచానో లేదో ఆమె అత్త లేచింది.

“గిదేం పరీక్ష? నా కొడుకు మీదనే అనుమానమా?” మేడం సర్దిచెప్పబోతే, ఆ మాటల్లో కోస్తా యాస పట్టేసి మేడం వైపు తిరిగింది. “నీళ్లు గుంజుకున్నరు, నౌకర్లు గుంజుకున్నరు. ఇగ మా కోడలి రక్తం గూడ గుంజుతరా?”

బెంచీలన్నీ నవ్వాయి. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఉద్యమం మాది కదా!

మేడం కూడా నవ్వింది. “నీళ్ల సంగతి, నౌకర్ల సంగతి పెద్దవాళ్లు తేలుస్తారు పెద్దమ్మా. రక్తం మటుకు నేను అడక్కుండా తీసుకోను. సరేనాండీ?” అంటూ స్వరూప భుజం మీద చెయ్యివేసి నడిపించుకుపోయింది. నేను వెనకాలే వెళ్లాను.

“పరీక్ష చేయించుకుంటే మా ఆయనను అనుమానించినట్టు గాదా అమ్మా?” అంది స్వరూప.

“రక్తం తక్కువుందేమోనని కూడా చూస్తున్నాం కదా. మీ అత్త అన్నం పెట్టట్లేదని అనుమానించినట్టా?”

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఉంటే?”

“ఉంటే బిడ్డకి రాకుండా కాపాడడానికి మందుంది. నీకూ ఉంది. తెలిస్తేనే ఇవ్వగలం.”

“ఒద్దంటే?”

“వద్దంటే వద్దే. రేపటినుంచి నీతో మాట్లాడ్డం మానేస్తానా ఏంటి?”

స్వరూప వద్దనే అంది. మేడం తలూపి, గేటు దాకా నడిచి, వెనక్కి తీసుకొచ్చింది.

నాకు ఒళ్లు మండింది. “రక్తం ఎట్లాగూ తీస్తున్నాం కదా మేడం. ఇంకో చుక్క! చెప్పకుండా చేసేస్తే బిడ్డ బతుకుతుంది. బస్సులు మొదలైతే ఈ పిల్ల మనకి దొరుకుతుందా?”

“చేశాం, ఉందని తేలిందనుకో. రేపు మాత్ర చేతిలో పెడితే ఎందుకని అడగదూ? నిన్న దొంగతనంగా చూశామని చెప్పి, ఇవాళ నన్ను నమ్మి మింగమంటావా?”

అయినా ఆవిడ తప్పు చేస్తోందనే నమ్మాను. ఆ బిడ్డకి ఏమైనా అయితే ఈ మర్యాదలన్నీ ఎవరికి కావాలి? ఆ ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా నన్ను వదల్లేదు. మేడం కూడా నిశ్చింతగా ఏం లేదు. ఆ వారమంతా గర్భిణుల వరుసలో స్వరూప కోసం ప్రతి మొహాన్నీ చూసుకుంటూనే ఉంది.

బస్సులు తిరగడం మొదలైన మర్నాడు పొద్దున స్వరూప తల్లి వచ్చింది. అత్తతో కలిసి, బట్టల సంచీతో సహా ముగ్గురూ బస్టాండుకి బయల్దేరి దవాఖాన ముందు ఆగారు. అత్తా, తల్లీ గేటు దగ్గరే నిలబడిపోయారు. స్వరూప ఒక్కతే లోపలికి వచ్చి మేడం ముందు నిలబడింది.

“అమ్మా, మొన్న అడిగినవ్ గదా. మల్లొక్కసారి అడుగు.”

ఒప్పుకున్నట్టే కదా, సూది తీసుకుందామనుకున్నాను నేను. మేడం మాత్రం ఆమెని తీసుకుని నడక మొదలుపెట్టింది. పరీక్ష ఎందుకో, ఉంటే ఏం చేస్తారో, వద్దనొచ్చని కూడా, మొదటినుంచీ మొత్తం మళ్లీ చెప్పి, చివర్న అడిగింది. స్వరూప చెయ్యి చాపింది.

కాసేపటికి ఫలితం మేడం చేతికి వచ్చింది. ఇద్దరూ గేటు దాకా నడిచారు. ఆ వీపులు చూసి నేనేమీ కనిపెట్టలేకపోయాను. చూసేవాళ్లెవరూ ఏమీ కనిపెట్టలేరని తెలిసినప్పుడు కానీ ఆవిడ పని ఎంత గొప్పదో నాకు అర్థం కాలేదు.

అత్త నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “నువ్వు మనదానివే గదా బిడ్డా. ఏమొచ్చిందో జర చెప్పరాదు?”

“ఆమెనే అడుగు పెద్దమ్మా,” అన్నాను. నా జన్మలో అంత చిన్న జవాబు చెప్పింది అదే మొదటిసారి.

తర్వాత రాష్ట్రం వచ్చింది, మేడం రిటైరై వాళ్ల ఊరు వెళ్లిపోయింది. నేను ఎందరినో గేటు దాకా నడిపించాను. ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు అడుగుతారు, ఇంతకీ ఏమొచ్చిందని. మీరూ అడుగుతారు. చెప్పను. ఎంత వాదించినా చెప్పను. స్వరూప అన్నది కూడా ఆమె పేరు కాదు.