బెత్తెడు మడత

నా చిన్నప్పుడు, మూడో తరగతి కాంగనే నన్ను బడి మాన్పించిండ్రు. చెల్లెను ఎత్తుకోవాలె, బర్రెను చూసుకోవాలె, ఇంక బడికి పోయే తీరిక ఏడుంటది? దేవరుప్పుల దగ్గర ఊరు మాది. ఆ ఎండకాలం జనగామ నుంచి ఒక సేవా క్లబ్బోళ్లు వచ్చి, మొగపిల్లలకు ఆటలు, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతమన్నరు. పైస అడగలేదు. "ఊకె ఎవడు నేర్పుతడు, ఏదో మతలబుంటది" అన్నడు మా బాపు. ఏ మతలబూ లేకుండె. వారానికి రెండు రోజులు, నెత్తి మాడే ఎండల బస్సు దిగి నడుచుకుంట వచ్చేటోళ్లు. నేను ఎవరినీ ఉత్తగ పొగిడేదాన్ని కాదు, కానీ వాళ్లను మాత్రం పొగడాలె.

మాకు కుట్టు నేర్పే అక్కకు జనగామల చిన్న టైలరింగు దుకాణముండె. ఆ రెండు రోజులు దుకాణం మూసి వచ్చేది. సూది పట్టుడు కాడికెల్లి మిషన్ తొక్కుడు దాకా ఓపికతో చూపించేది. బడి పోయినంక నాకు మిగిలిన చదువు అదొక్కటే.

కొన్నాళ్లకు అక్క ఒక సంగతి చెప్పింది. సముద్రం అవతల ఒక దేశంల తుఫాను వచ్చి ఊర్లకు ఊర్లే కొట్టుకపోయినయంట. అక్కడి పిల్లలకు క్లబ్బు తరఫున గౌన్లు పంపుతరంట. అవి మేమే కుట్టాలంట. మాకు నవ్వొచ్చింది. మాకే రెండు గౌన్లుంటే గొప్ప, మేము ఇంకొకరికి పంపుడేంది? కానీ లోపల లోపల మురిసినం. మా చేతి కుట్టు సముద్రం దాటుతది గదా!

అందరికీ కొలిచి పసుపుపచ్చ పూల గుడ్డ ఇచ్చింది. నేను ఇంటికి తెచ్చుకొని, కొలత ఎంత చెప్పిండ్రో సరిగ్గ అంతకే కత్తిరించి, చేతితోనే గౌను కుట్టిన. కింద మడతకని అక్క వదలమన్న బెత్తెడు గుడ్డ మిగిలించుకున్న. మా చెల్లె గౌనుకు చేతులు చినిగిపోయినయి, ఆ పట్టీతోని కొత్త చేతులేసిన. తప్పు అనిపించలేదు. కంటికి కనపడని పిల్ల, ఒంటికి సరిపోతే చాలదా అనుకున్న.

వారం తిరిగినంక అక్క వచ్చిన రోజు, ఆ సాయంత్రం బస్సుకే మూట పోవాలె. అక్క ఒక్కొక్క గౌను తిప్పేసి చూస్తున్నది. నాది తీసి, కింది అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. ఆడ ఆగింది. బాపుకు తెలిస్తే ఇగ కుట్టు బంద్. బడి పోయింది, గిది గూడ పోతది.

అక్క అరవలేదు. వంగి, నేను తొడుక్కున్న గౌను అంచు పట్టుకున్నది. మా దిక్కు ఆడపిల్లకు గౌను కుట్టిస్తే కింద బెత్తెడు లోపలికి మడిపిస్తరు. పిల్ల పెరిగినకొద్దీ ఏటా కొంత విప్పుతరు. విప్పిన కాడల్లా పాత మడత గీత పడుతది. ఆ గీతలను అక్క వేలితోని లెక్కబెట్టింది.

"మూడేండ్ల గౌను. మీ అమ్మ తెలివైంది. ఎందుకే పిల్లా, ఇంత గుడ్డ లోపల పెట్టించింది?"

"నేను పెరుగుత గదక్కా."

"మరి ఆ పిల్ల పెరగదా?"

పక్కన కూసున్న పిల్ల కిసుక్కుమన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గుడ్డ ఇంటికాడున్నదని మెల్లగ చెప్పిన.

"ఉరుకు మరి. బస్సు వచ్చేలోపట తేవాలె" అన్నది అక్క.

చెల్లె ఒంటి మీది గౌను విప్పి చేతులు పీకుతుంటే అది లబలబ మొత్తుకున్నది. ఆ ముక్కలు పట్టుకొని ఉరికిన. అక్క వాటిని మిషన్ మీద అతికి పట్టీ చేసింది, నేను అంచుకు వేసి మడత కుట్టిన. బయట కండక్టరు "ఏందమ్మా, పెండ్లికి పోతున్నమా?" అని కేకలేస్తుంటే క్లబ్బాయన బస్సు మెట్టు మీద కాలుబెట్టి నిలవడ్డడు. ఆఖరు ముడేసి నా గౌను మూటల పెట్టిన.

అక్క బాపుకు ఒక్క మాట చెప్పలేదు. మళ్లా వచ్చినప్పుడు తన దుకాణంల మిగిలిన ముక్కలు తెచ్చి నా చేతుల పెట్టింది. "చెల్లెకు వెయ్యి. అడిగితే ఇయ్యనా?" అన్నది.

ఇప్పుడు నేను మానుకోటల కొడుకింట్ల ఉంటున్న. ఇక్కడి క్లబ్బుల కాలేజి ఆడపిల్లలు ఎక్కడో భూకంపం వచ్చిన దేశానికని బట్టలు జమచేస్తుంటే, ప్రతి మూట విప్పి చూస్త. "అవ్వా, దూరం పంపేటియే గద, గంత పరేషాన్ ఎందుకు?" అని నవ్వుతరు. నవ్వనీ. ఇచ్చేదేదైనా, వచ్చే ఏడాదికి ఆ పిల్ల ఎంత ఎత్తు పెరుగుతదో అని ముందు తలుచుకుంట.