మొక్కుకున్న ఆడపంది

పద్దెనిమిది వందల తొంభైల చివర్లో నన్ను రాజమండ్రిలో పశువైద్య సహాయకుడిగా వేశారు. ఎడ్లనూ గేదెలనూ చూసుకునే ఉద్యోగమనుకుని చేరాను. ఆ ఏడు వర్షాలు వెనకబట్టాక కడియం వైపు కాలువగట్టున ఒక గూడెంలో పందులకు జ్వరం తగిలింది. వెళ్లమంటే వెళ్లాను. దాంతో కచేరీలో నా పేరు 'పందుల డాక్టరు'గా మారింది.

సూరమ్మ అనే వితంతువుకు ఆ పందులే బతుకు. ఆమె మందలో ఒక పోతూ, ఇంకా ఈనని మూడు ఆడపందులూ మిగిలాయి. ఈతకు ఉంచే ఆడపందికి కాళ్లు తిన్నగా ఉండాలి, చన్నులు రెండు వరసల్లో సమంగా ఉండాలి, పాలురాని గుడ్డి చన్ను ఉండకూడదు. ఒకదానికి కాలు వంకర. ఇంకొకదానికి గుడ్డి చన్నులు. చెవి మీద తెల్లమచ్చ ఉన్న మూడోది అన్నిటికీ నిలిచింది. జ్వరం నుంచి ముందు లేచిందీ అదే. దాన్నే ఉంచమన్నాను.

 సూరమ్మ, "అదెలాగండి బాబుగారూ? ముందు లేచి కుడితి తాగినదాన్ని నీకే ఇత్తానని అమ్మోరికి మొక్కేసుకున్నానండి," అంది.

నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. మొక్కు వద్దనే అధికారం నాకు లేదు. జ్వరం తగిలిన మందలోని పశువును గడువు తీరేదాకా కాలువ దాటించరాదన్న నిబంధన మాత్రం ఉంది. అమ్మవారి గుడి అవతలి గట్టున. నిబంధన చెప్పాను. చూలుతో ఉన్నదాన్ని అమ్మవారికి ఇవ్వరని సూరమ్మే చెప్పింది. అందుకే దాన్ని చూలు చేయించడానికి పోతును కట్టాం.

"ఈలోగా ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా మొక్కు తీర్చని నా మూలానే అంటారండి. గూడెంలో ఉండనివ్వరు," అంది.

ఆ భయం నాకూ పట్టుకుంది. కాలువ వైపు నుంచి ఎవరొచ్చినా ముందు గూడెంలో అందరూ బాగున్నారా అని అడిగేవాణ్ని. ఒకసారి పక్క గుడిసెలో పసిబిడ్డకు జ్వరం వచ్చింది. గూడెమంతా సూరమ్మతో మాటలు మానేసింది. బిడ్డ తేరుకునేదాకా నాకు నిబంధనను అడ్డం పెట్టి ఆమెను ఊబిలోకి దింపానేమోనని ఒకటే బెంగ.

తెల్లమచ్చది చూలు కట్టి, ఈనింది. పిల్లలు పాలు మానాక వెళ్లాను. తల్లి దొడ్లో లేదు.

"ఇచ్చేశానండి. మాటన్నాక మాటే కదండీ."

అంత మంచి పందిని చేజేతులా పోగొట్టిందని నాకు ఒళ్లు మండింది. ఆమె పట్టించుకోలేదు. తల్లి పోలికతో ఉన్న ఆడ పందిపిల్లల్ని నా ముందుకు తోలి, "వీటిలో ఎంచండి బాబుగారూ," అంది.

మందకు ఎంచేటప్పుడు మనం ఎంచేది పశువును కాదు, దాని ఈతను. తెల్లమచ్చది ఒక్కసారే ఈనింది. ఆ గూడెం మంద మళ్లీ నిలబడటానికి అది చాలింది.